డూప్లికేట్ తాళంచెవి ఎక్కడుంది?

మా బ్రాంచిలో స్ట్రాంగ్‌రూమ్ తలుపుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి మేనేజరు గారి దగ్గర, రెండోది హెడ్ క్యాషియరు దగ్గర. పొద్దున్నే ఇద్దరూ పక్కపక్కన నిలబడితే తప్ప ఆ తలుపు తెరుచుకునేది కాదు. క్యాషియరుగా చేరి, హెడ్ క్యాషియరునై, ఆఫీసరునై, ముప్ఫై ఆరేళ్లు ఆ తలుపు ముందు నిలబడ్డాను. ఒళ్లు కాలిపోయే జ్వరమొచ్చినా తాళంచెవి ఇంట్లో పెట్టుకుని పడుకోవడానికి వీల్లేదు. రిక్షా కట్టించుకుని బ్యాంకుకు వెళ్లాలి, తాళాల రిజిస్టరులో సంతకం పెట్టాలి, ఇంకొకరి చేతికి అప్పజెప్పి వాళ్ల సంతకం తీసుకోవాలి. ఆ తర్వాతే జ్వరం సంగతి.

ఆ తలుపుకు డూప్లికేట్ తాళంచెవులు ఉండేవి. వాటిని కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, ముద్ర కొట్టి, పక్క ఊళ్లో ఉన్న ఇంకో బ్రాంచిలో దాచేవాళ్లం. ఏడాదికోసారి ఆ సెట్టు తెప్పించి వాడుకలోకి తీసుకుని, అప్పటిదాకా వాడుతున్న సెట్టును సీలు వేసి మళ్లీ అక్కడికి పంపేవాళ్లం. ఏళ్ల తరబడి తాళంలో తిరగని తాళంచెవి అవసరమొచ్చిన రోజున తిరుగుతుందని నమ్మకమేముంది? ఈ రాత్రి హెడ్ క్యాషియరుకు ఏమైనా సరే, రేపు పదింటికి బ్యాంకు తెరుచుకోవాలి, గుమ్మంలో నిలబడ్డ రైతుకు డబ్బు అందాలి. ఆ ఏర్పాటంతా అందుకోసమే.

మా తోడల్లుడు గారు పోయాక ఆ సీలు కవరు నాకు రోజూ గుర్తొస్తోంది.

ఆయన ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరై రాజమండ్రిలో స్థిరపడ్డారు. అన్నీ పద్ధతిగా చేసుకునే మనిషి. కరెంటు బిల్లు దగ్గర్నుంచి మనవరాలి పుట్టినరోజుకు పంపే డబ్బు దాకా అన్నీ ఆ లాప్‌టాప్‌లోనే. వదినగారికి దాని మూత తీయడం వరకే తెలుసు. ఆషాఢంలో ఒక తెల్లవారుజామున ఆయనకు గుండె ఆగిపోయింది. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్లిపోయారు. వదినగారు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "మరిదిగారూ, అన్నీ ఇందులోనే ఉన్నాయనేవారు. మీరు బ్యాంకులో చేశారు కదా, కాస్త చూసిపెట్టండి" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చెయ్యి దాని మూత మీదే ఉంది, తీయడానికి మనసొప్పనట్టు.

తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. డాలస్‌లో ఉన్న అబ్బాయికి ఫోను చేశాం, వాడికీ తెలియదు. పుట్టినరోజు, పెళ్లిరోజు, ఇంటి నంబరు, ఆయన మొదట కొన్న స్కూటరు నంబరు, అన్నీ కొట్టి చూశాం. "షాపులో ఇస్తే తీసేస్తారు బాబాయ్" అన్నాడు అబ్బాయి. షాపు కుర్రాడు అరగంటలో విండోస్ పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఇచ్చాడు. తెర మీద మనవరాలి ఫొటో కనబడగానే వదినగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఆయన రోజూ వాడే బ్రౌజర్ తెరిచి, దాచిన పాస్‌వర్డులుండే చోటికి వెళ్లాను. ఒక్కటీ రాలేదు.

ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. తెలిశాక ఇంకా బాధ పెరిగింది. విండోస్‌లో 2000వ సంవత్సరపు వెర్షన్ నుంచీ డీపీఏపీఐ అని ఒక ఏర్పాటుంది. బ్రౌజర్ మన పాస్‌వర్డులను గూఢలిపిలోకి మార్చి ఒక ఫైలులో దాస్తుంది. ఆ లిపిని విప్పే తాళంచెవిని ఈ డీపీఏపీఐ మన విండోస్ పాస్‌వర్డ్‌తో ముడివేస్తుంది. పాతది మనమే చెప్పి కొత్తది పెట్టుకుంటే ముడి కూడా దానితో పాటే మారుతుంది. పాతది తెలియకుండా బయటి నుంచి రీసెట్ చేస్తే ముడి తెగిపోతుంది. ఆ యంత్రంలోనే చేసుకున్న ఖాతా అయితే అంతే సంగతులు: తలుపు తెరుచుకుంటుంది, లోపలి ఇనప్పెట్టె తాళంచెవి మాత్రం పనికిరాకుండా పోతుంది. దొంగ కంప్యూటరు ఎత్తుకుపోయి పాస్‌వర్డ్ మార్చుకున్నా లోపలివి చదవలేకుండా చేసిన కట్టుదిట్టం అది. నిజానికి మంచి కట్టుదిట్టమే. కానీ పోయిన మనిషి భార్యను, దొంగను అది ఒకే కంటితో చూస్తుంది. షాపు కుర్రాడికి ఈ సంగతి తెలియదు. నాకూ తెలియదు. తెలిసుంటే ఆ లాప్‌టాప్ ఇల్లు దాటనిచ్చేవాణ్ణి కాదు. ముందు ఆయన డైరీలు, పంచాంగాల వెనక అట్టలు, చెక్కుబుక్కుల కవర్లు అన్నీ తిరగేసి ఆ ఒక్క మాట కోసం వెతికించేవాణ్ణి.

మా అమ్మ బొడ్లో తాళంచెవుల గుత్తి ఉండేది. అమ్మ ఇంట్లో ఎక్కడ తిరుగుతున్నదీ ఆ చప్పుడు చెప్పేది. బీరువాది, భోషాణానిది, ధాన్యం కొట్టుది, దేవుడి గది అరది. అమ్మ ఊరెళ్తే ఆ గుత్తి మేనత్త బొడ్లోకి వెళ్లేది. రెండో బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలో అడుగున ఉంటుందని ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు, పనిమనిషికి తెలియదు. ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియకూడదు అన్నది ఆ ఇంట్లో ఎవరూ కాగితం మీద రాయలేదు. అయినా లెక్క తప్పలేదు. అమ్మ పోయిన రోజు సాయంత్రం మా అక్క ఆ గుత్తి తీసుకుని ఒక్కొక్క తాళమూ తెరిచి చూసింది. అన్నీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు తాళంచెవులు ఎవరి బొడ్లో ఉన్నాయి? బ్రౌజర్ దగ్గర. మొదటిసారి ఎక్కడో లాగిన్ అవగానే పైన చిన్న చీటీలా వస్తుంది: ఈ పాస్‌వర్డ్ దాచమంటారా? అవునని నొక్కుతాం. ఆ రోజు నుంచి అది మన జ్ఞాపకంలోంచి జారిపోవడం మొదలవుతుంది. రోజూ అదే నింపుతుంటే మనకెందుకు గుర్తుంటుంది? మా బ్యాంకులో ఒకరి వస్తువు మా దగ్గర పెట్టుకుంటే రసీదు ఇచ్చేవాళ్లం. సేఫ్ కస్టడీలో పెట్టిన కవరైనా సరే, దాని నంబరు, ఎవరికి తిరిగివ్వాలి, వాళ్లు లేకపోతే ఎవరికి, అన్నీ రాసి సంతకాలు తీసుకునేవాళ్లం. ఈ చీటీ అవేవీ అడగదు. దాచమంటారా అని అడిగి ఊరుకుంటుంది.

దాచినది ఎక్కడుందో మనకెవరూ నేర్పలేదు. నేర్పాల్సింది ఎంతో లేదు కూడా. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కితే పాస్‌వర్డులు, ఆటోఫిల్ అని ఉంటుంది. అందులో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజరు. సైట్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. కావలసిన పేరు నొక్కితే విండోస్ పాస్‌వర్డో పిన్నో అడుగుతుంది. ఆ తర్వాత కంటి బొమ్మ మీద నొక్కితే చుక్కల స్థానంలో అక్షరాలు కనబడతాయి. ఫైర్‌ఫాక్స్‌లో పైన అడ్డగీతల బొమ్మ నొక్కితే పాస్‌వర్డులు అనే మాట అక్కడే ఉంటుంది. రెండు నిమిషాల పని. డెబ్బై దాటిన నా స్నేహితులు ముగ్గురికి ఈ మధ్య ఇది చూపించాను. ముగ్గురూ ఇన్నాళ్లూ ఏదైనా మర్చిపోతే "పాస్‌వర్డ్ మర్చిపోయారా" నొక్కి, ఓటీపీ కోసం ఎదురుచూసి, కొత్తది పెట్టుకుని, దాన్నీ మర్చిపోయేవాళ్లు. వాళ్లు మరిచిపోయిన పాస్‌వర్డులన్నీ వాళ్ల కంప్యూటర్లోనే ఉన్నాయి. మాస్టారుగా చేసి రిటైరైన ఆయనైతే తెర మీద తన పాస్‌వర్డ్ చూసి, "ఇది నేను పెట్టిందే" అని పైకే చదివారు. అందులో ఆయన చదువు చెప్పిన మొదటి ఊరి పేరుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పాస్‌వర్డ్ మర్చిపోయామంటే ఏ సైటూ పాతది చెప్పదు, కొత్తది పెట్టుకోమంటుంది. మొదట్లో దాన్ని నిర్లక్ష్యమనుకునేవాణ్ణి. అసలు పాతది వాళ్ల దగ్గర ఉండదట. సరిగ్గా కట్టిన సైటు మన పాస్‌వర్డ్‌ను తిరిగి వెనక్కి తీయలేని ఒక లెక్కలో వేసి, వచ్చిన ఆనవాలును మాత్రమే దాచుకుంటుంది. మనం కొట్టినప్పుడల్లా మళ్లీ అదే లెక్క వేసి రెండూ పోల్చి చూస్తుంది. యూనిక్స్ కంప్యూటర్లలో ఈ పద్ధతి ఎలా నడుస్తుందో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే రాశారు. ఇది నా వృత్తికి దగ్గర మాట. మా కౌంటర్లో సంతకం నమూనా కార్డులుండేవి. విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకాన్ని కార్డుతో పోల్చి చూసి డబ్బిచ్చేవాళ్లం. కానీ ఖాతాదారుడికి చెయ్యి వణికి సంతకం కలవకపోతే నేను లేచి వెళ్లి పక్కన కూర్చోబెట్టి, "ఏం బాబాయ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాణ్ణి. ముఖం తెలుసు, ఊరు తెలుసు, వాళ్ల నాన్న కూడా తెలుసు. వేలిముద్ర తీసుకుని, సాక్షి సంతకం పెట్టించి పని జరిపించేవాళ్లం. ఆనవాలు కలవనప్పుడు ఏం చేయాలో తెలిసిన మనిషి కౌంటరు వెనక ఉండేవాడు. నేను బాధపడేది ఆ మనిషి లేనందుకు.

పాస్‌వర్డ్ పెట్టే నిబంధనలు చూడండి. పెద్ద అక్షరం ఉండాలి, చిన్న అక్షరం ఉండాలి, అంకె ఉండాలి, ఒక గుర్తు ఉండాలి, మూడు నెలలకోసారి మార్చాలి, పాతవి మళ్లీ పెట్టకూడదు. సర్వీసు చివరి ఏళ్లలో మా బ్యాంకులో మార్చీ మార్చీ విసిగి, సిబ్బంది సగంమంది నెల పేరు, సంవత్సరం కలిపి పెట్టుకునేవాళ్లు. ఎవరి పాస్‌వర్డ్ ఏమిటో పక్కవాడు చెప్పగలిగేవాడు. ఈ నిబంధనల్లో చాలా వాటికి మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున బిల్ బర్ రాసిన పత్రం. 2017లో ఆ సంస్థే మాట మార్చుకుంది. ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని, గుర్తులూ అంకెలూ ఉండి తీరాలని పట్టుబట్టొద్దని, పొడుగ్గా ఉంటే మేలని కొత్తగా రాసింది. తాను రాసినదానికి చాలావరకు విచారిస్తున్నానని బర్ స్వయంగా పత్రికలవాళ్లతో చెప్పాడు. పెద్దమనిషి, ఒప్పుకున్నాడు. కానీ ఆ పాత నిబంధనలు ఇవాళ్టికీ మన తెరల మీద అలాగే ఉన్నాయి. గుర్తుంచుకోలేని మాటలు మనచేత పెట్టించి, ఆ గుర్తుంచుకునే బరువును బ్రౌజర్ మీదకు నెట్టించినవి అవే.

అలాగని బ్రౌజర్‌ను మరీ గుడ్డిగా నమ్మడానికీ లేదు. 2013 నాటికి కూడా క్రోమ్‌లో ఎవరైనా మన కుర్చీలో కూర్చుంటే చాలు, దాచినవన్నీ ఏ అడ్డూ లేకుండా కనిపించేవి. ఒక డెవలపర్ దాన్ని బయటపెట్టి గొడవ చేశాక, కంప్యూటరు పాస్‌వర్డ్ అడిగే పద్ధతి వచ్చింది. పాస్‌వర్డ్ దొంగతనం కొత్తదేమీ కాదులెండి. ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ఒకే కంప్యూటరును పలువురు వాడుకునే ఏర్పాటు చేసి, ఎవరి ఫైళ్లు వారికే ఉండేలా పాస్‌వర్డ్ పెడితే, మరుసటి ఏడాదే అలన్ షెర్ అనే విద్యార్థి పాస్‌వర్డుల ఫైలు మొత్తం అచ్చు తీయించుకున్నాడు. వారానికి తనకిచ్చిన కంప్యూటరు గంటలు చాలక చేసిన పని అది. ఇప్పటి దొంగలు అలా ఫైలు కోసం కాచుకుని కూర్చోరు. మర్చిపోయిన పాస్‌వర్డులు ఉచితంగా తీసిపెడతాం అని ఎక్కడపడితే అక్కడ దొరికే సాఫ్ట్‌వేర్లలో కొన్ని, బ్రౌజర్ దాచిన ఆ ఫైలునే ఎత్తుకుపోయి ఎక్కడో కూర్చున్నవాడికి పంపేస్తాయి. అవసరంలో ఉన్నవాడే వాటిని దించుకుంటాడు. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వారంలో నేనూ ఒకటి దించబోయాను. అబ్బాయి ఫోనులో అరిచి ఆపాడు.

చివరికి దారి చూపింది పాత ఫైర్‌ఫాక్స్. ఆయన కొన్నేళ్ల కిందటి దాకా అదే వాడేవారు, తర్వాత మానేశారు. తీసేయకుండా అలాగే ఉంచారు. ఫైర్‌ఫాక్స్ లెక్క వేరు. అది విండోస్ పాస్‌వర్డ్‌తో ముడివేయదు. పాస్‌వర్డులు ఒక ఫైలులో, వాటి తాళంచెవి ఇంకో ఫైలులో, రెండూ ఒకే ఫోల్డరులో ఉంచుతుంది. కావాలంటే దాని మీద మనం ప్రైమరీ పాస్‌వర్డ్ అని ఒకటి పెట్టుకోవచ్చు. 2020 దాకా దాన్నే మాస్టర్ పాస్‌వర్డ్ అనేవారు. అది పెట్టుకుని మర్చిపోతే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. రీసెట్ చేస్తే దాచినవన్నీ చెరిగిపోతాయి. అన్నయ్యగారు పెట్టుకోలేదు. జాబితా తెరుచుకుంది. పద్నాలుగు పేర్లున్నాయి. రైలు టికెట్లది, కరెంటు బిల్లుది, ఎప్పుడో మూతపడ్డ ఒక ఫొటోల సైటుది. మధ్యలో ఆయన మెయిలు.

మెయిలు పాస్‌వర్డ్ ఆయన మార్చలేదు. కొట్టగానే ఓటీపీ అడిగింది, అది ఆయన ఫోనుకే వచ్చింది. ఆ నంబరు రద్దు చేయించేద్దామని పన్నెండో రోజున ఎవరో సలహా ఇస్తే వదినగారు ఒప్పుకోలేదు. ఆయన గొంతుతో రికార్డయిన సందేశాలు పోతాయేమోనని ఆవిడ భయం. ఆ భయమే మాకు మెయిలు తలుపు తీసింది.

ఆ మెయిల్లో ఆయన పెన్షన్ పేమెంట్ ఆర్డరు కాపీ దొరికింది. వదినగారి ఫ్యామిలీ పెన్షన్‌కు ముందు కావలసింది అదే. రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ల రసీదులు, ఒక బీమా పాలసీ ప్రీమియం కట్టిన కాగితం దొరికాయి. ఆయన బ్యాంకు లాగిన్ పాస్‌వర్డ్ కూడా ఆ జాబితాలో ఉంది. అబ్బాయి, "డబ్బు అమ్మ ఖాతాకు మార్చేయండి బాబాయ్, పనైపోతుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పోయిన మనిషి పేరుతో లాగిన్ అయి డబ్బు కదిలించకూడదు. మరణ ధ్రువపత్రం, నామినీ క్లెయిమ్ ఫారం, వదినగారి ఆధార్, పాన్ పట్టుకుని కౌంటరు దగ్గరికే వెళ్లాం. కాస్త తిరగాల్సి వచ్చింది. తిరిగాం. ఎక్కడ ఏముందో తెలుసుకోవడానికే పాస్‌వర్డులు పనికొచ్చాయి. అదే మాకు పదివేలు. ఏముందో తెలియక కుటుంబాలు రాకపోవడం వల్ల ఎవరూ అడగని డిపాజిట్లు నేను సర్వీసులో ఎన్ని చూశానో. లెడ్జర్లో పేరు ఉంటుంది, పక్కన ఏళ్ల తరబడి ఒక్క ఎంట్రీ ఉండదు.

1980ల చివర్లో మా బ్రాంచికి లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు వచ్చాయి. రంగరాజన్ కమిటీ 1984లో బ్యాంకుల్లోకి కంప్యూటర్లు రావాలని చెప్పిన తర్వాత వచ్చిన మొదటి యంత్రాలవి. అప్పుడు మా మేనేజరు గారు చేసిన పని ఒకటి చెబుతాను. యంత్రానికి పెట్టిన పెద్ద పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాయించి, కవరులో పెట్టించి, అతుకు మీద ఇద్దరిచేత సంతకాలు చేయించి, తాళాల పక్కనే స్ట్రాంగ్‌రూమ్‌లో పెట్టించారు. మారిస్తే కవరు మార్చాలి. తెరిస్తే ఎందుకు తెరిచామో రిజిస్టరులో రాయాలి. కంప్యూటరు గురించి ఆయనకు తెలిసింది చాలా తక్కువ. తాళంచెవి గురించి అంతా తెలుసు.

పాస్‌వర్డ్ ఎక్కడా రాయకూడదని ఇప్పుడు అందరూ చెబుతారు. మానిటరుకు అతికించకూడదు, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోకూడదు, నిజమే. కానీ అసలు రాయనే కూడదంటే, గుండె ఆగిన రోజున ఆ ఇంటి సంగతి ఏమిటి? నేను రాయమనే చెబుతాను. అన్నీ అక్కర్లేదు. కంప్యూటరు తెరిచేది, ఫోను తెరిచేది, మెయిలుది, ఈ మూడు చాలు. మిగతావన్నీ వాటి వెనక నుంచి వస్తాయి. బ్రౌజర్‌లో గూగుల్ ఖాతాతో లాగిన్ అయి సింక్ పెట్టుకున్నవాళ్లకు, లాప్‌టాప్ కాలిపోయినా ఆ ఖాతా తెలిస్తే పాస్‌వర్డులు ఇంకో యంత్రంలో దొరుకుతాయి. మా అన్నయ్యగారు అది పెట్టుకోలేదు. పెట్టుకున్నవాళ్లు ఆ ఖాతా పాస్‌వర్డ్‌ను కూడా కాగితం మీదకు ఎక్కించాలి.

శ్రావణంలో మళ్లీ రాజమండ్రి వెళ్లాను. ఈసారి వదినగారికి సొంతంగా మెయిలు ఐడీ చేయించాం, ఆవిడ పేరు మీద కొత్త పాస్‌వర్డులు పెట్టాం. పొడుగు మాటలే పెట్టించాను, ఆవిడకు అలవాటైన మాటలే. బ్రౌజర్ దాచమంటారా అని అడిగినప్పుడు ఆవిడ నావైపు చూశారు. దాచమనండి, కానీ ముందు ఇక్కడ రాయండి అన్నాను. గుండ్రంగా, బళ్లో రాసినట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా రాశారు. కాగితం మడిచి కవరులో పెట్టి, అంటించి, అతుకు మీద అడ్డంగా సంతకం చేశారు, కింద తేదీ వేశారు. లక్క దొరకలేదు. దీపారాధన ఒత్తికి అగ్గిపుల్ల గీసినప్పుడు ఆ పక్కనే ఉన్న కొవ్వొత్తి కూడా వెలిగించి, ఒక బొట్టు మైనం అతుకు మీద వేశారు. బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టి తాళం వేశారు. ఆ బీరువా రెండో తాళంచెవి విడిగా పొట్లం కట్టి నా చేతికిచ్చి, "మా చెల్లికి ఇవ్వండి, దాని బియ్యం డబ్బాలో పెట్టమనండి" అన్నారు.